బండి మీద రాసి ఉన్న గుర్తులు (బ్రేకులు, టైర్లు చూసుకునే పాఠం)



ఈ సంచికకు సైన్సు వ్యాసం రాసే వంతు నాకు వచ్చింది. మొదట గుండె నిర్మాణం గురించి రాద్దామనుకున్నాను. "పుస్తకంలో ఉన్నదే మళ్ళీ రాస్తే ఎవరు నిలబడి చదువుతారమ్మా? మీ ఇంట్లో జరిగింది రాయి" అన్నారు మేడం. అందుకని మా అన్న బండి గురించి రాస్తున్నాను. నవ్వకండి. చివరిదాకా చదవండి.

మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీది ఊరు. తారు రోడ్డు దిగువ ఊరి దగ్గరే ఆగిపోతాది. అక్కడి నుండి మా ఊరికి నాలుగు కిలోమీటర్ల ఎర్రమట్టి బాట, మధ్యలో రెండు గెడ్డలు. ఇలాంటి బాటల కోసమే ఎత్తుగా, బటన్ టైర్లతో వేరే రకం బండ్లు ఉంటాయి. అవి ఖరీదు. మా అన్న కాఫీ గింజలు, పసుపు అమ్మిన డబ్బుతో 100 సి.సి. పాత బండి కొన్నాడు. పట్నంలో తిరిగే బండినే మేము కొండ బండిగా వాడుతున్నాము. సంతకు బస్తాలు మోసేది అదే, జబ్బు మనిషిని మోసేది అదే.

జరిగిన సంగతి

పోయిన ఏడు దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. అప్పటికి వానలు ఇంకా తగ్గలేదు. అమ్మకు చలి జ్వరం వచ్చింది. మన మన్యానికి 2018లో బైకు అంబులెన్సులు వచ్చాయి. కాని ఫోను చెయ్యాలంటే మా ఊళ్ళో గుట్ట ఎక్కాలి. ఆ రోజు గుట్ట ఎక్కినా సిగ్నలు దొరకలేదు. డోలీ కడదామంటే మగవాళ్ళందరూ పొలాల్లో ఉన్నారు. అన్న బండి తీశాడు. మధ్యలో అమ్మ, వెనక అమ్మను పట్టుకొని నేను. బండి మీద ముగ్గురు ఎక్కడం తప్పని నాకు తెలుసు. కాని అమ్మ ఒక్కర్తే కూర్చోలేకపోయింది.

దిగుడు మొదలవగానే అన్న ఇంజను ఆపేసి న్యూట్రల్లో వదిలాడు. పెట్రోలు మిగులుతాదని మా ఊళ్ళో అందరూ అలాగే దిగుతారు. దారంతా వెనక బ్రేకు మీద కాలు పెట్టే ఉన్నాడు. కొంచెం దూరం పోయాక ఏదో మాడిన వాసన వచ్చింది. తరువాత గెడ్డ దాటాము. చక్రాలు సగం దాకా మునిగాయి. ఆ తరువాతి మలుపులో అన్న బ్రేకు తొక్కితే పెడలు కిందికి పోయింది గాని బండి ఆగలేదు. అన్న బండిని మట్టి గట్టుకు తిప్పేశాడు. అందరం పడ్డాము. అవతలి వైపు తిప్పి ఉంటే లోయ.

నాకు మోకాలు చెక్కుకుపోయింది. అమ్మకు మణికట్టు విరిగింది. జ్వరం వారంలో తగ్గిపోయింది గాని చేతి కట్టు నెలన్నర ఉంది. ఆ ఏడు చోడి కోతకు అమ్మ వెళ్ళలేదు. అన్న రెండు రోజులు అన్నం తినలేదు. ఆ మలుపు మంచిది కాదని ఊళ్ళో పెద్దవాళ్ళు అన్నారు.

సంత రోజున అన్నా నేనూ బండిని నెమ్మదిగా మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాము. మెకానిక్ మామ వెనక చక్రం విప్పి లోపలి బ్రేకు షూలు చూపించాడు. అవి రేకులాగ అరిగిపోయి ఉన్నాయి.

"బాణం గుర్తు చూసుకోలేదేటి బాబూ?" అన్నాడు.

"ఏ బాణం మామా?" అన్నాడు అన్న.

మామ చక్రం బయట ఉన్న చిన్న బాణం గుర్తు చూపించాడు. మట్టి తుడిస్తే కనిపించింది. తరువాత చైను కవరు మీద స్టిక్కరు కూడా తుడిచాడు. ఏ టైరుకు గాలి ఎంత పెట్టాలో దాని మీద రాసి ఉంది. "చదువుకున్న గుంట ఇంట్లో ఉంది కదా, చదివించుకోవాలి" అన్నాడు.

నాకు సిగ్గు వేసింది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. ఆ బండి మా వాకిట్లో మూడేళ్ళుగా ఉంది. ప్రతి సెలవులకూ దాని మీదే ఇంటికి వెళ్ళాను. ఒక్కసారి కూడా దాని మీది అక్షరాలు చదవలేదు. ఆ మలుపు చెడ్డది కాదు. మా బండి చెప్పింది మేము చదవలేదు. అందుకే ఈ పాఠం.

1. బ్రేకు ఎలా పనిచేస్తుంది?

చక్రం మధ్యలో గుండ్రటి డబ్బా వంటిది ఉంటుంది. దాన్ని డ్రమ్ము అంటారు. అది చక్రంతో పాటు తిరుగుతుంది. దాని లోపల తిరగకుండా రెండు నెలవంకల వంటి ముక్కలు ఉంటాయి. అవే బ్రేకు షూలు. మనం పెడలు తొక్కితే రాడ్డు లాగుతుంది, షూలు విచ్చుకొని డ్రమ్మును లోపలి నుండి ఒత్తుతాయి. అప్పుడు ఘర్షణ వల్ల చక్రం ఆగుతుంది. తిరుగుతున్న తిరగలిని అరచేత్తో ఒత్తి ఆపండి. చెయ్యి వేడెక్కుతుంది. ఇక్కడా అంతే.

చెప్పు అడుగు అరిగినట్టు షూ కూడా అరుగుతుంది. అరిగిన కొద్దీ పెడలు ఎక్కువ కిందికి దిగుతుంది. అప్పుడు రాడ్డు చివర నట్టు బిగిస్తే మళ్ళీ పైకి వస్తుంది. మా అన్న అలా బిగిస్తూనే ఉన్నాడు. బ్రేకు బాగుందనే అనుకున్నాడు. నట్టు బిగిస్తే పెడలు బాగవుతుంది గాని అరిగిన షూ తిరిగి పెరగదు. ఇది అందరూ గుర్తు పెట్టుకోవాలి.

2. దిగుడులో బ్రేకు ఎందుకు తప్పింది?

ఇది మన 9వ తరగతి పని, శక్తి పాఠంలోని లెక్కే. బండి 110 కిలోలు, మేము ముగ్గురం కలిసి 150 కిలోలు, మొత్తం 260 కిలోలు. లెక్క సులువుగా ఉండడానికి దిగుడు ఎత్తు 100 మీటర్లు, గురుత్వ త్వరణం 10 అనుకుందాము.

స్థితి శక్తి = 260 × 10 × 100 = 2,60,000 జౌళ్ళు.

బండి వేగం పెరగకుండా దిగాలంటే ఈ శక్తి అంతా ఎక్కడికో పోవాలి. ఇంజను ఆపి న్యూట్రల్లో దిగితే దాదాపు అంతా బ్రేకులోనే వేడిగా మారుతుంది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి సుమారు 4,200 జౌళ్ళు కావాలి. 2,60,000ను 4,200తో భాగిస్తే సుమారు 62. అంటే ఒక లీటరు చన్నీళ్ళు చెయ్యి పెట్టలేనంతగా కాగే వేడి. మా అన్న ఒక్క వెనక బ్రేకే తొక్కాడు కాబట్టి వేడంతా ఆ ఒక్క డ్రమ్ములోకే పోయింది. షూ బాగా వేడెక్కితే దాని పట్టు తగ్గిపోతుంది. మాకు వచ్చిన మాడు వాసన అదే.

మరి ఏం చెయ్యాలి? ఇంజను నడుస్తూ ఉండాలి. ఫస్టు గేరులో గాని సెకండు గేరులో గాని దిగాలి. యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనే చక్రాన్ని పట్టి లాగుతుంది. అప్పుడు బ్రేకు పని తగ్గుతుంది. బ్రేకును అదే పనిగా తొక్కి ఉంచకూడదు. కావలసిన చోట తొక్కి, వేగం తగ్గగానే వదలాలి. మాడు వాసన వస్తే ఆగి, చల్లారేదాకా కూర్చోవాలి. కాలిన డ్రమ్ము ముట్టుకోవద్దు. దాని మీద నీళ్ళు పొయ్యవద్దు.

ఇంకొక మాట. వేగం రెట్టింపు అయితే గతిజ శక్తి నాలుగు రెట్లు అవుతుంది. 20 కిలోమీటర్ల వేగంలో ఆగే బండి 40లో ఆగడానికి నాలుగింతల దూరం కావాలి.

3. బ్రేకు చూసే పద్ధతి

బండి చల్లగా ఉన్నప్పుడు, సమానమైన నేల మీద, సెంటరు స్టాండు వేసి, ఇంజను ఆపి చూడాలి.

మొదటిది: ముందు బ్రేకు లివరును వేలితో మెల్లగా లాగండి. బ్రేకు పట్టే ముందు కొంచెం ఖాళీగా కదులుతుంది. లివరు చివర ఆ కదలిక 10 నుండి 20 మిల్లీమీటర్లు, అంటే ఒక వేలి వెడల్పు ఉండాలి.

రెండవది: వెనక పెడలును చేత్తో నొక్కండి. దానికి 20 నుండి 30 మిల్లీమీటర్లు, అంటే రెండు వేళ్ళ లోపు ఉండాలి. ఎక్కువైతే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. అసలు లేకపోతే షూ ఎప్పుడూ డ్రమ్ముకు రాసుకొని వేడెక్కుతుంది.

మూడవది: వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలికగా తిరగాలి. పెడలు నొక్కితే వెంటనే ఆగాలి.

నాలుగవది: లూజుగా ఉంటే నట్టును సగం సగం చుట్టు బిగించి, ప్రతిసారీ చక్రం తిప్పి చూడాలి. నట్టుకు ఒక పక్క గాడి ఉంటుంది. అది పిన్ను మీద సరిగ్గా కూర్చోవాలి. చైను బిగించినప్పుడు వెనక చక్రం జరుగుతుంది కాబట్టి బ్రేకు కూడా మళ్ళీ చూడాలి.

ఐదవది: బాణం గుర్తు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకోమని ఒకరికి చెప్పి, మీరు చక్రం దగ్గర కూర్చోండి. డ్రమ్ము మూత మీద ఒక గీత, దాని పక్కన కదిలే బాణం ఉంటాయి. బాణం ఆ గీత దాకా వచ్చిందంటే షూలు అయిపోయాయి. నట్టు బిగించి లాభం లేదు. మార్చాలి.

ఆరవది: ముందు బ్రేకు వైరు చూడండి. ఒక్క పోగు తెగినా వైరు మార్చాలి. ఒక పోగు తెగితే మిగతా పోగుల మీద బరువు పెరిగి అవీ తెగుతాయి.

గమనిక: బ్రేకులోకి నూనె, గ్రీజు పోనివ్వవద్దు. షూకు నూనె అంటితే బ్రేకు జారుతుంది. డ్రమ్ములోని నల్ల పొడిని నోటితో ఊదవద్దు. అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడి గుడ్డతో తుడవాలి.

ముందు బ్రేకు పడితే బండి బోల్తా కొడుతుందని మా అన్న దాన్ని ముట్టుకునేవాడే కాదు. బస్సు ఆగితే మనం ముందుకు తూలుతాము కదా. అలాగే బండి ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అందుకే గట్టి నేల మీద ముందు బ్రేకుకే ఎక్కువ బలం. రెండూ కలిపి, మెల్లగా పట్టాలి. బురదలో, మలుపులో, గులక రాళ్ళ మీద మాత్రం ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి.

4. గెడ్డ దాటిన తరువాత

షూకూ డ్రమ్ముకూ మధ్య నీళ్ళు చేరితే ఘర్షణ తగ్గుతుంది. నూనె రాసిన చేత్తో సీసా మూత తిప్పినట్టు ఉంటుంది. గెడ్డ దాటగానే నెమ్మదిగా పోతూ, రెండు బ్రేకులూ మెల్లగా నొక్కుతూ వదులుతూ కొంత దూరం పోవాలి. ఆ వేడికి తడి ఆరిపోతుంది. బ్రేకు మళ్ళీ పడుతోందని తెలిశాకే వేగం పెంచాలి. ఆ రోజు మేము ఇది చెయ్యలేదు.

5. టైర్లు

గాలి: పొద్దున్నే బండి తియ్యక ముందు చూడాలి. నడిచిన టైరు వేడెక్కి గాలి ఎక్కువ చూపిస్తుంది. మా బండి స్టిక్కరు మీద ముందు టైరుకు 25, వెనక టైరుకు ఒక్కరు ఎక్కితే 28 అని ఉంది. వెనక మనిషి ఉంటే వెనక టైరుకు ఇంకా ఎక్కువ అంకె రాసి ఉంది. మీ బండికి వేరుగా ఉండవచ్చు. మీ స్టిక్కరే చదవండి.

గాలి తక్కువైతే రాయి ఎక్కినప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి, పాము కాటు వేసినట్టు పక్క పక్కన రెండు చిల్లులు పడతాయి. గాలి మరీ ఎక్కువైతే టైరు రాళ్ళ మీద బంతిలాగ ఎగురుతుంది, నేలను పట్టదు. బురదలో పట్టు కోసం కొందరు గాలి బాగా తీసేస్తారు. ట్యూబు టైరుకు అది ప్రమాదం.

వాల్వు: గాలి కొట్టే వాల్వు నిటారుగా ఉండాలి. ఒక పక్కకు ఒరిగి ఉంటే టైరు రిమ్ము మీద జారుతోందని అర్థం. అలాగే నడిపితే వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది. వాల్వు నోటికి ఉమ్ము తడి రాస్తే బుడగ వచ్చినా రాకపోయినా తెలిసిపోతుంది. మూత తప్పకుండా పెట్టాలి. లేకపోతే మట్టి పోతుంది.

గాడులు: నేలను పట్టేది టైరు మీది గాడులే. బురదనూ నీటినీ పక్కకు తోసేది అవే. గాడి అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న దిమ్మ ఉంటుంది. టైరు అరిగి ఆ దిమ్మతో సమానమైతే మార్చాలి.

అంకెలు: టైరు పక్కన నాలుగు అంకెలు కలిపి రాసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు ఉన్నా పాత రబ్బరు గట్టిపడి పగుళ్ళు వేస్తుంది. పక్క గోడల మీద పగుళ్ళు చూడండి. కొన్ని టైర్లకు తిరిగే వైపు చూపే బాణం కూడా ఉంటుంది. పంచరు వేసినప్పుడు తిరగబెట్టి ఎక్కించకుండా చూసుకోవాలి.

పుల్లలు: స్పోకు పుల్లలను చిన్న పానాతో ఒక్కొక్కటీ కొట్టి వినండి. బిగువుగా ఉన్నది 'టింగు' మంటుంది. వదులైనది 'టప్పు' మంటుంది. వదులువి ఉంటే రిమ్ము వంకర పోకముందే మెకానిక్ కు చూపించాలి.

ముళ్ళు, మేకులు, రాళ్ళు గాడుల్లో ఇరుక్కుంటే తియ్యాలి. మేకు లోతుగా దిగి ఉంటే పంచరు షాపు దగ్గరే తీయించాలి.

6. ఎప్పుడు ఏమి చూడాలి?

రోజూ: బ్రేకు రెండు సార్లు నొక్కి చూడాలి. టైరును చేత్తో నొక్కి చూడాలి.
ప్రతి సంతకు: గాలి కొలిపించాలి. పెడలు కదలిక, బాణం గుర్తు, వాల్వు, పుల్లలు చూడాలి.
వానలు మొదలయ్యే ముందు, తగ్గిన తరువాత: మెకానిక్ చేత చక్రాలు విప్పించి షూలు తుడిపించాలి.

మీకు తెలుసా?

1888లో బెల్‌ఫాస్టు నగరంలో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవడానికి గాలి టైరు తయారు చేశాడు. మనం ఈనాడు వాడే గాలి టైర్లు అక్కడి నుండే వ్యాపించాయి.

7. మనము చెయ్యగలిగినది, చెయ్యకూడనిది

18 ఏళ్ళు నిండకుండా, లైసెన్సు లేకుండా గేర్ల బండి నడపకూడదు. కాని చూడడానికి వయసు అక్కరలేదు. చక్రం విప్పడం మన పని కాదు. తుడవడం, కొలవడం, చదవడం, చెప్పడం మన పని. "ఆడపిల్లకు పానా ఎందుకు?" అని మా అయ్య అన్నాడు. అమ్మ కట్టు కట్టిన చెయ్యి చూపించింది. అయ్య ఇంకేమీ అనలేదు.

సంక్రాంతి సెలవుల్లో బండి మొత్తం నేనే చూశాను. వెనక వాల్వు ఒరిగి ఉంది, గాలి తక్కువగా ఉంది. ఆ రోజే అన్న గాలి కొట్టించి వాల్వు సరి చేయించాడు. బాణం గుర్తు మీద, గీత మీద కొంచెం తెల్ల రంగు పెట్టాను, మట్టిలో కూడా కనిపించాలని. అన్న ఇప్పుడు గేరులోనే దిగుతున్నాడు. కొంచెం పెట్రోలు ఎక్కువ పోతాది. పోనీ.

మా అమ్మకు అక్షరాలు రావు. కాని ఇప్పుడు బండి ఎక్కే ముందు అన్నను ఒక మాట అడుగుతుంది. "బాణం ఎక్కడుంది బాబూ, చూశావేటి?" అని. అన్న దిగి చూపించాకే ఎక్కుతుంది.

ఇంటి పని: ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఉన్న బండి స్టిక్కరు చదివి గాలి అంకెలు రాసుకోండి. బాణం ఎక్కడుందో బొమ్మ వెయ్యండి. బడికి వచ్చాక నాకు ఇవ్వండి. అన్నీ కలిపి వచ్చే సంచికలో వేద్దాము. ఈ వ్యాసంలో తప్పులుంటే మన్నించి, కింద పెన్సిలుతో రాయండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి